ఉన్నవారి చదువు అను అపోహ

ఏటేట వేసవి చివర విశ్వవిద్యాలయములలో ప్రవేశముల కాలము సమీపించినపుడు, అర్థశాస్త్రమున ఎం.ఏ. చదువదలచిన బాలబాలికలును, వారి వెంట తల్లిదండ్రులును నా యొద్దకు సలహాకై వచ్చుట ముప్పది యేండ్లుగా జరుగుచున్న సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట అనంతపురము జిల్లానుండి ఒక వేరుసెనగ రైతు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. ఆ బాలిక బి.ఏ.లో మొదటి శ్రేణి పొందినది. పర్యావరణార్థశాస్త్రమును, అభివృద్ధి అర్థశాస్త్రమును విడదీయక ఒక్కటిగా బోధించు స్నాతకోత్తర విద్య నభ్యసింపవలెనని ఆమె కోరిక. తండ్రి నా మాట పూర్తిగా వినకమునుపే, "సార్, గాలి, చెట్లు, నీళ్లు అనే సదువు ఉన్నోళ్ల సదువు గదా. మాలాంటోళ్లకు ఎందుకు సార్? ముందు బాగుపడనీండి, అవన్నీ తర్వాత చూసుకోవచ్చు" అనెను. ఆయన కంఠస్వరమున తిరస్కారము లేదు. బిడ్డ భవిష్యత్తును గూర్చిన భయము మాత్రమే యుండెను. ఆ దినమున నేను క్లుప్తముగా నేదో సమాధానము చెప్పితిని. అది నాకే తృప్తి కలిగింపలేదు.

ఆయన పలికిన మాట ఆయన పొలములో మొలచినది కాదు. "ముందు అభివృద్ధి, పిదప పర్యావరణము" అను సిద్ధాంతము మంత్రుల ఉపన్యాసములలోను, పత్రికల సంపాదకీయములలోను, పారిశ్రామికుల విజ్ఞప్తులలోను, అన్నిటికన్న శోచనీయముగా అర్థశాస్త్రోపాధ్యాయుల నోటను అర్ధశతాబ్దికాలముగా ప్రతిధ్వనించి, తర్కింప నక్కరలేని లోకోక్తి వలె పల్లెలదాక దిగివచ్చినది. దాని ప్రభావము మన పాఠ్యప్రణాళికలలో ప్రత్యక్షముగా గోచరించును. అభివృద్ధి అర్థశాస్త్రము తప్పనిసరిగా చదువవలసిన భాగము. పర్యావరణార్థశాస్త్రమో, చాలచోట్ల, చివరి సెమిస్టరులో ఇష్టమున్నవారు తీసికొనవచ్చునను ఐచ్ఛికాంశము. భోజనమైన పిమ్మట తాంబూలము వలె దాని స్థానమును నిర్ణయించిన పెద్దలు, తిన్న అన్నము ఏ నేలనుండి ఏ నీటితో పండినదో విచారింప మరచిరి. నేను ఖండింప బూనినది ఆ రైతును కాదు. ఆయన చెవిలో ఆ మాటను వేసిన విద్యావంతులను.

ఈ వాదమునకు శాస్త్రీయమైన తొడుగు లభించినది 1990 దశకమున. జీన్ గ్రాస్‌మన్, అలన్ క్రూగర్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞులు ఉత్తర అమెరికా స్వేచ్ఛావాణిజ్య ఒప్పందమును గూర్చిన చర్చాసందర్భమున 1991లో ఒక పరిశీలన వెలువరించి, 1995లో దానిని విస్తరించి ప్రకటించిరి. వివిధ దేశముల నగరములలోని గాలిని, నదులలోని నీటిని పరీక్షించిన లెక్కలను ఆయా దేశముల తలసరి ఆదాయముతో సరిపోల్చి చూడగా, ఆదాయము పెరుగుచున్న తొలిదశలో కొన్ని కాలుష్యములు హెచ్చి, ఒక మట్టము దాటిన పిదప తగ్గుచున్నట్లు వారికి కానవచ్చెను. ఆ మట్టము పెక్కు కాలుష్యముల విషయమున, 1985 నాటి డాలర్లలో, తలసరి 8,000కు లోపలనే యున్నదని వారి గణనము. బోర్లించిన మూకుడువంటి ఆ వక్రరేఖకును, ఆదాయ వ్యత్యాసములను గూర్చి 1955లో సైమన్ కుజ్నెట్స్ ప్రతిపాదించిన రేఖకును రూపసామ్యముండుటచే, 'పర్యావరణ కుజ్నెట్స్ రేఖ' యను నామము దానికి స్థిరపడినది. ఆ బొమ్మను చూచినదే తడవుగా, సంపద పెరిగినచో కాలుష్యము తనంతట తానే తగ్గునని తీర్పు చెప్పినవారు అసంఖ్యాకులు. ఆ రేఖను గీచినవారు మాత్రము అట్లు చెప్పలేదు. ఈ తగ్గుదల దానంతటది జరుగునది కాదనియు, శుభ్రమైన పరిసరములను ప్రజలు కోరుటయు, ఆ కోరికకు తలయొగ్గి ప్రభుత్వములు శాసనములు చేయుటయు అందులకు బలీయమైన కారణములనియు వారే తమ వ్యాసమున హెచ్చరించిరి. పేరు అరువిచ్చిన కుజ్నెట్స్ సైతము, 1934లో అమెరికా కాంగ్రెసునకు జాతీయాదాయ గణనమును సమర్పించుచు, ఒక జాతి సంక్షేమమును ఆ సంఖ్యనుబట్టి ఊహింపరాదని స్పష్టముగా వ్రాసియుండెను. గురువుల హెచ్చరికను విడిచి గురువుల బొమ్మను మాత్రము గోడకు తగిలించుకొనుట విద్యకు శోభ కాదు.

ఆ రేఖ చూపునదెల్ల నిజమేయని యొప్పుకొన్నను, అది ప్రవాహముల చరిత్రయే గాని నిల్వల చరిత్ర కాదు. పొగగొట్టమునుండి వెడలు సల్ఫర్ డయాక్సైడును ఆపివేసినచో కొద్ది దినములలో గాలి తేటపడును. లండను నగరమున 1952 డిసెంబరులో వేలకొలది ప్రాణములను బలిగొన్న పొగమంచు పిదప, 1956 శాసనముతో ఆ నగరపు గాలి బాగుపడుట కది యొక కారణము. అయితే, వందల అడుగుల లోతునుండి తోడివేసిన నీరు, వానకు కొట్టుకొనిపోయిన పైమన్ను, పూడిపోయిన చెరువు, నశించిన జీవజాతి, గాలిలో పేరుకొన్న బొగ్గుపులుసు వాయువు — వీనిలో ఏ యొక్కటియు మన తలసరి ఆదాయము 8,000 డాలర్లగు శుభదినముకొరకు వేచియుండి, ఆ దినమున తిరిగి రాదు. కెనెత్ ఆరో, పార్థ దాస్‌గుప్తా మొదలగు పదునొకండుగురు అర్థశాస్త్రజ్ఞులును, జీవావరణ శాస్త్రజ్ఞులును కూడి 1995లోనే 'సైన్స్' పత్రికలో ఈ సంగతిని ప్రకటించి, ఆ రేఖను నిల్వలకు, వనరుల స్థితిస్థాపకతకు అన్వయింపరాదని వారించిరి. ఆ వ్యాసము వెలువడి మూడు దశాబ్దులు గడచినను, మన ఉపన్యాసవేదికలపై ఇంకను ఆ మూకుడు బోర్లింపబడియే యున్నది.

ఈ సిద్ధాంతవాదులు తమకు అండగా తరచు ఇందిరాగాంధీని సాక్ష్యమునకు పిలుతురు. 1972 జూనులో స్టాక్‌హోము నగరమున జరిగిన ఐక్యరాజ్యసమితి సభలో ఆమె, దారిద్ర్యమును మించిన కాలుష్యకారకము కలదాయని ప్రశ్నించినది వాస్తవము. దారిద్ర్యము తొలగువరకు పర్యావరణము జోలికి పోరాదని ఆమె చెప్పినట్లుగా ఆ వాక్యమును వల్లించుట మాత్రము వంచన. మాటకు భాష్యము కావలసినచో మాటాడినవారి కార్యములను చూడవలెను. వన్యప్రాణి సంరక్షణ శాసనము ఆ 1972 సంవత్సరముననే వచ్చినది. జలకాలుష్య నివారణ శాసనము 1974లోను, అటవీ సంరక్షణ శాసనము 1980లోను, వాయుకాలుష్య నివారణ శాసనము 1981లోను ఆమె ప్రభుత్వకాలముననే వెలువడినవి. అపుడు భారతదేశము సంపన్నదేశము కాదు. గ్రాస్‌మన్, క్రూగర్‌లు చెప్పిన మలుపునకు దరిదాపులలోను లేదు. అయినను శాసనములు వచ్చినవి. అవి సరిగా అమలు జరుగలేదనుట వేరు మాట. దానికి మన దారిద్ర్యము కారణమో, మన పరిపాలనా లోపము కారణమో తేల్చుటకే ఈ చదువు కావలసియున్నది.

ఇక అసలు విషయమునకు వత్తును. పర్యావరణము సంపన్నుల విలాసమను మాటలో, ప్రకృతి యనగా కనులపండువైన దృశ్యమనియు, విహారస్థలమనియు ఒక యూహ దాగియున్నది. పట్టణవాసి దృష్టికది సహజము. పల్లెటూరి పేదరాలికి బీడులోని మోదుగచెట్టు దృశ్యము కాదు, విస్తరాకుల జీవనము. కంపచెట్టు ఆమె పొయ్యిలోని మంట. గుట్టమీది గడ్డి ఆమె రెండు మేకల కూడు. ఆ మేకలు ఆమె కుమార్తె పెండ్లికి దాచిన ధనము. ఈ సత్యమును లెక్కలతో నిరూపించిన పరిశోధన ఎక్కడనో విదేశములలో జరుగలేదు. హైదరాబాదునకు అనతిదూరమున పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థలో, అర్థశాస్త్రజ్ఞుడు ఎన్.ఎస్. జోధా దానిని సాగించెను. ఆ సంస్థ 1975 నుండి మహబూబ్‌నగరు జిల్లాలోని దోకూరు మొదలగు పల్లెలలో కుటుంబముల ఆదాయవ్యయములను ఏటేట వ్రాసికొనుచుండెను. జోధా ఏడు రాష్ట్రములలోని మెట్టప్రాంతపు పల్లెలను 80కి మించి పరిశీలించి, ఊరుమ్మడి బీళ్లు, అడవులు, కుంటలు, వాగులు పేదకుటుంబముల బ్రదుకులో ఏ పాటి వంతు వహించుచున్నవో 1986లో వెల్లడించెను. పేదల ఆదాయమున ఇంచుమించు ఏడవవంతు మొదలుకొని నాలుగవవంతుదాక ఈ ఉమ్మడి వనరులనుండియే వచ్చుచుండెను. అదే గ్రామములలోని కలవారి ఆదాయమున ఆ భాగము నూటికి మూడును మించలేదు.

ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నిలిపి చూచిన యే విద్యార్థియు, పర్యావరణము ధనికుల కోరికయని మరల పలుకజాలడు. ఊరి బీడు పాడైనచో భూస్వామి యింట దీపము మలగదు. కూలివాని పొయ్యి చల్లారును. జోధా మరియొక సంగతిని గూడ బయటపెట్టెను. పేదలకు పంచుటకని ఉమ్మడి భూములను విభజించిన చోట్ల, ఆ భూములలో పెద్దభాగము చివరకు పేదలు కానివారి చేతులలోనికే పోయినది. పేదలకు చిక్కిన కొద్దిపాటి తుండ్లు సైతము, పెట్టుబడిలేక సాగుచేయలేని కారణమున, అనేకులవద్ద నిలువలేదు. స్థూలదేశీయోత్పత్తి పట్టికలో ఈ మార్పు ప్రగతిగా నమోదగును. బీడునుండి ఉచితముగా తెచ్చుకొనిన కట్టె లెక్కకెక్కదు, అంగడిలో కొనిన కట్టె లెక్కకెక్కును. పేదరాలు మునుపు ఉచితముగా పొందినదానిని కొనవలసివచ్చినపుడు ఆమె దరిద్రురాలగును, దేశము సంపన్నమగును! ఇటువంటి గణనమును పట్టుకొని 'ముందు అభివృద్ధి' యనువారు ఏది ముందో ఏది వెనుకో ఎట్లు తేల్చిరో నాకు బోధపడదు.

పటాన్‌చెరును గూర్చి మరికొంత చెప్పక తప్పదు. జోధా తన పరిశోధన సాగించిన ఆ పరిసరములందే 1970 దశకమునుండి పారిశ్రామికవాడలు విస్తరించినవి. మందుల కర్మాగారముల వ్యర్థజలములు వాగులలోనికి, చెరువులలోనికి పారినవి. మంజీరలో కలియు నక్కవాగు వెంబడి పొలములు చెడినవి; బావుల నీరు త్రాగ పనికిరాక పోయినది. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టునకు చేరగా, రైతులకు నష్టపరిహార మిప్పింపవలెనని న్యాయస్థానము ఆజ్ఞాపింపవలసివచ్చెను. హైదరాబాదులోని ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రమునకు చెందిన వి. రత్నారెడ్డి, భగీరథ్ బెహెరా ఆ ప్రాంతపు ఖాజీపల్లి గ్రామమునకు పోయి పంటల నష్టమును, పశువుల నష్టమును, అనారోగ్యమువలని వ్యయమును ఇంటింట లెక్కించి, 2006లో అంతర్జాతీయ పత్రికలో ప్రకటించిరి. ఆ మరుసటి యేడు స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధికేంద్రము వెడలగొట్టు నీటిని పరీక్షించిరి. సుమారు 90 ఔషధ కర్మాగారముల వ్యర్థములను శుద్ధిచేయు ఆ కేంద్రమునుండి 'శుద్ధి' యైన పిదప వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నదనియు, ఒక్క దినమున బయటికి పోవు ఆ మందు 45 కిలోగ్రాములుండవచ్చుననియు వారు తేల్చిరి. అనగా స్వీడన్ దేశమంతయు ఐదు దినములలో మ్రింగు మందు మన వాగులో ఒక దినమున పారినదన్నమాట. తరువాతి కాలమున ఆ వ్యర్థజలమును గొట్టములద్వారా హైదరాబాదులోని అంబర్‌పేట శుద్ధికేంద్రమునకు, అనగా మూసీ ఒడ్డునకు, మళ్లించిరి. నక్కవాగు వెంబడి కొలిచినచో కాలుష్యము తగ్గెను. ఆ కుజ్నెట్స్ రేఖ యొక్క దిగుడుభాగమున ఇట్టి మళ్లింపులు ఎన్ని దాగియున్నవో విచారింపక, దానిని స్వచ్ఛతకు నిదర్శనముగా చూపుట తగదు.

ఈ కథ అభివృద్ధి కథయా, పర్యావరణ కథయా? కర్మాగారములు ఉద్యోగములిచ్చినవి, చవుకయైన మందులు లోకమునకు పంపినవి. నేను వానిని శపింపను. అర్థశాస్త్రమున 1939లో కాల్డర్, హిక్స్ అను ఇరువురు ప్రతిపాదించిన ప్రసిద్ధమైన పరీక్ష యొకటి కలదు: ఒక మార్పువలన లాభపడినవారు నష్టపోయినవారికి పరిహారమిచ్చియు మిగులుబాటు పొందగలిగినచో ఆ మార్పు సమాజమునకు మేలని దాని సారాంశము. ఇయ్యగలిగినచో చాలునట, ఇయ్యనక్కరలేదట! తరగతి గదిలో నల్లబల్లమీద ఈ భేదము సూక్ష్మమైన సాంకేతిక విషయముగా తోచును. ఖాజీపల్లిలో అది ఒక తరము జీవితము. లాభము కర్మాగారపు లెక్కలపుస్తకమున చేరినది, నష్టము రైతు బావిలో చేరినది; రెంటికి నడుమ న్యాయస్థానపు మెట్లు దశాబ్దులకొలది నిలిచినవి. అభివృద్ధి అర్థశాస్త్రము మాత్రమే చదివిన విద్యార్థి ఉద్యోగములను లెక్కించును. పర్యావరణశాస్త్రము మాత్రమే చదివిన విద్యార్థి నీటిలోని విషమును కొలుచును. ఎవరి లాభము ఎవరి బావిగుండ వచ్చినదో గుర్తించి, దానిని ఎట్టి పన్నుతో, ఎట్టి హక్కుతో, ఎట్టి తనిఖీతో సరిదిద్దవచ్చునో చెప్పగలవాడు రెంటిని కలిపి చదివినవాడు మాత్రమే.

దేశపు లెక్కలను గూర్చియు ఇదే మాట. ఇండోనేషియా 1971 మొదలు 1984 వరకు ఏటికి నూటికి 7.1 చొప్పున వృద్ధి చెందినదని లోకము మెచ్చుకొనెను. రాబర్ట్ రెపెట్టో అను అర్థశాస్త్రజ్ఞుని బృందము 1989లో నరికిన కలపను, తోడిన చమురును, కొట్టుకుపోయిన మన్నును తరుగుగా తీసివేసి చూడగా మిగిలిన వృద్ధి 4.0 మాత్రమే. విత్తనపు గింజలు వండుకొని తినుచు ఇంట అన్నమునకు కొదువ లేదని చెప్పు గృహస్థుని మన యూళ్లలో ఎవరును మెచ్చరు; దేశము అదే పని చేసినపుడు దానికి వృద్ధిరేటని పేరు. మన దేశమున పర్యావరణక్షయమువలని నష్టము 2009లో స్థూలదేశీయోత్పత్తిలో నూటికి 5.7 వంతులని, అనగా సుమారు 3.75 లక్షల కోట్ల రూపాయలని, 2013లో ప్రపంచబ్యాంకు గణించినది. ఆ నష్టమున అధికభాగము పొగగాలిని పీల్చి జబ్బుపడినవారిది. ఇంటిలోపలి పొయ్యి పొగ అందొక పెద్ద పద్దు. ఆ పొగ ఎవరి యింటిదో వేరుగ చెప్పనక్కరలేదు. దాస్‌గుప్తా అధ్యక్షతన భారతప్రభుత్వము నియమించిన నిపుణసంఘము, ప్రకృతిసంపద తరుగుదలను జాతీయ లెక్కలలో చేర్చు పద్ధతిని అదే 2013లో నిర్దేశించినది. ఆ పనిని జిల్లా జిల్లాకు చేయవలసినవారు ఎక్కడ? వారిని తయారుచేయవలసిన విభాగములలో ఆ పాఠము ఐచ్ఛికాంశముగా మూలనున్నది.

ఇంతవరకు ఒక పక్షమువారితో వాదించితిని. మరొక పక్షమువారు నాకు మిత్రులే యైనను, వారి యాక్షేపమును గూడ ఉపేక్షింపరాదు. ప్రకృతికి వెలకట్టుట మహాపాపమనియు, అర్థశాస్త్రము అడవిలో అడుగిడినచో అడవి సరకుగా మారుననియు వారందురు. వారి భయమునకు ఆధారము లేకపోలేదు. 1991 డిసెంబరులో ప్రపంచబ్యాంకు ప్రధాన అర్థశాస్త్రజ్ఞుని సంతకముతో బయటికివచ్చిన యొక పత్రము, కాలుష్యపరిశ్రమలు పేదదేశములకు తరలుట లాభదాయకమనియు, అచ్చట కూలి తక్కువ గనుక అనారోగ్యమువలని నష్టమును తక్కువయే యనియు వాదించెను. అది వ్యంగ్యముగా వ్రాసినదని పిదప వివరణ యిచ్చినను, ఆ తర్కమును చదివిన పేదదేశవాసికి రక్తము మరుగుట న్యాయమే. అయితే ఆ తర్కములోని దోషమును పట్టుకొనుటకు ఆయుధము ఈ శాస్త్రముననే కలదు: నష్టపోవువాని సమ్మతి లేదు, వానికి పరిహారము లేదు, వాని నష్టపు కొలత వాని దారిద్ర్యమునుండియే పుట్టినది — పంపిణీని విడిచి మొత్తమును మాత్రము కూడిన లెక్క తప్పు లెక్క.

మేము వెలకట్టమని దూరముగా నిలిచినంతమాత్రమున అడవి అమూల్యమై పోదు. దానికి సున్న వెలకట్టువారు అప్పటికే సిద్ధముగా నుందురు. గనికొరకు, ఆనకట్టకొరకు మళ్లించిన అడవిభూమికి వెల యెంతయను ప్రశ్న సుప్రీంకోర్టు ముందునకు వచ్చినపుడు, 2005లో అర్థశాస్త్రజ్ఞురాలు కంచన్ చోప్రా అధ్యక్షతన నిపుణసంఘము ఏర్పడినది. ఆ సంఘపు విచారణ ఫలితముగా 2008లో హెక్టారునకు 4.38 లక్షలనుండి 10.43 లక్షల రూపాయలవరకు అడవుల తరగతినిబట్టి న్యాయస్థానము నిర్ణయించెను. ఆ వెల చాలదని నేనును అందును. చాలదని చెప్పుటకైనను, కలపకు మించి ఆ అడవి పల్లపు పొలములకు ఎంత నీటిని నిలిపియుంచెనో, ఎందరు గిరిజనులకు ఏ యే ఋతువులలో ఏమి యిచ్చెనో లెక్కింప నేర్చినవాడు కావలెను. ఆ నేర్పులేని ఆవేశము న్యాయస్థానమున నిలువదు.

వెలయొక్కటే ఈ శాస్త్రమని భావించుటయు పొరపాటే. ఉమ్మడి బీడు ఎవరికిని చెందదు గనుక అందరును దానిని పాడుచేయుదురని 1968లో గారెట్ హార్డిన్ వ్రాసిన వ్యాసము, ఊరుమ్మడికిని అనాథభూమికిని భేదమెరుగని వ్యాసము. ఆ భేదమును చూపినవారిలో రాబర్ట్ వేడ్ అను పండితుడొకడు. ఆయన మన కర్నూలు జిల్లా కాలువక్రింది పల్లెలలో తిరిగి, 1988లో గ్రంథము ప్రకటించెను. కొన్ని గ్రామములలో రైతులు తమలో తాము కట్టుబాటు చేసికొని, కాలువనీటిని పొలమునుండి పొలమునకు పంచుటకు నీరుగంటివారిని, పైరును కాచుటకు కావలివారిని నియమించుకొని, పంట కోసిన చేలలో గొర్రెలమందల మేపుహక్కును అమ్మగా వచ్చిన సొమ్ముతో ఊరుమ్మడి నిధిని నడపుకొనుచుండిరి. ఇది ప్రభుత్వపు పంచాయతీ చేసిన పని కాదు. ఊరు చేసికొనిన యేర్పాటు. విశేషమేమనగా, నీరు సమృద్ధిగా నుండు కాలువమొదటి గ్రామములకన్న, నీరు అరుదుగా చేరు చివరి గ్రామములలోనే ఈ కట్టుబాటు గట్టిగా నుండెను. ఊరివారు సంపన్నులగుటచే వనరును కాపాడుకొనలేదు. వనరు కొరవడుటచే కాపాడుకొనిరి. 'ముందు సంపద' యనువారి వాదమునకు దీనికన్న ప్రత్యక్షమైన ఖండన వేరు కావలెనా? ఉమ్మడి వనరుల పాలనను గూర్చి ఎలినార్ ఆస్ట్రోమ్ 1990లో వ్రాసిన గ్రంథమునకును, 2009లో ఆమె పొందిన నోబెల్ బహుమానమునకును వెనుక ఇటువంటి పల్లెల యనుభవము రాశిపోసి యున్నది. మన నీరుగంటివాని విజ్ఞత లోకమునకు పాఠమైనది, మన ఎం.ఏ. విద్యార్థికి మాత్రము కాలేదు.

చివరకు ఉద్యోగమును గూర్చిన ప్రశ్న. తల్లిదండ్రులు దానిని అడుగుట తప్పు కాదు, బదులు చెప్పకుండుట ఉపాధ్యాయుని తప్పు. ఈ చదువు ఎచ్చట పనికివచ్చునో యొక నిదర్శనము చెప్పెదను. గుజరాత్ రాష్ట్రమున కర్మాగారముల కాలుష్యమును తనిఖీచేయు ప్రైవేటు తనిఖీదారులను ఆ కర్మాగారములే ఎన్నుకొని, ఆ కర్మాగారములే వేతనమిచ్చు పద్ధతి యుండెను. నివేదికలలో అన్నియు నిబంధనలకు లోబడియే యుండెడివి. ఎస్తేర్ డుఫ్లో మొదలగు అర్థశాస్త్రజ్ఞులు అచ్చటి కాలుష్య నియంత్రణమండలితో కలిసి 473 కర్మాగారములలో ఒక ప్రయోగము సాగించిరి: కొన్నిటికి తనిఖీదారుని చీటివేసి నియమించి, వేతనమును ఉమ్మడి నిధినుండి చెల్లించి, నివేదికలను మరల పరీక్షింపజేసిరి. నివేదికలు నిజము పలుకనారంభించినవి. పిమ్మట కర్మాగారములు సైతము కాలుష్యమును తగ్గించినవి. 2019లో సూరతు నగరమున పొగధూళికి పరిమితి విధించి, అనుమతులను క్రయవిక్రయము చేయు విపణిని నెలకొల్పిరి. అట్టిది లోకమున అదియే మొదటిదందురు. ఇవన్నియు స్నాతకోత్తర విద్యలో నేర్చిన పనులే. కాలుష్య నియంత్రణమండలులకు, నీటిపారుదల శాఖలకు, బ్యాంకులకు, జిల్లా ప్రణాళికలకు ఇట్టివారు కావలసియున్నారు. మన విద్యార్థులు ఆ పనికి చాలకున్నచో లోపము వారిది కాదు. సమీకరణములను వల్లెవేయించి, రెండు సంవత్సరములలో ఒక్క దినమైనను చెరువుగట్టు నెక్కింపని బోధనది. గణాంకశాస్త్రము గట్టిగా నేర్పవలెను, దానిలో నేను రాజీపడను. అంతే గట్టిగా వాగునీటిని పరీక్షించుట, భూమి దస్తావేజులు చదువుట, కూలివారి యింటి ముందట కూర్చుండి ప్రశ్న అడుగుట నేర్పవలెను. అనంతపురము మొదలుకొని నల్లగొండవరకు ఏడు జిల్లాలలో 600 పైచిలుకు పల్లెలలో రైతులే బావుల నీటిమట్టమును కొలిచి, వానను లెక్కించి, రబీకి ఎన్ని యెకరములు ఏ పైరు వేయవచ్చునో గోడపై వ్రాసికొనిన యుద్యమమొకటి ఈ శతాబ్దారంభమున జరిగినది. బలవంతము లేకయే, రాయితీ లేకయే పెక్కురు వరిని విడిచి నీరు తక్కువగా త్రాగు పైరులకు మరలిరి. బడి చదువులేని రైతులు చేసిన ఆ లెక్క ఎం.ఏ. విద్యార్థికి మించినదని ఎట్లనగలము?

ఆ అనంతపురపు రైతు, ప్రవేశమునకు గడువు రెండు దినములుండగా, కుమార్తెతో మరల వచ్చెను. ఈ పర్యాయము నేను ఉపన్యసింపలేదు. ఆయన ఎన్ని బోర్లు వేయించెనని మాత్రము అడిగితిని. ఏడు, అనెను. మొదటిది 140 అడుగులకే నీరు పడినదట. ఆ పిదప 210, 280, 380... అప్పుచేసి వేయించినవి యేవో, భార్య గాజులు కుదువబెట్టి వేయించినవి యేవో, వరుసగా చెప్పుకొనిపోయెను. ఏడవది 620 అడుగులు. దినమునకు రెండు గంటలు నీరిచ్చుచున్నది. కరెంటుకు వెలలేదు, నీటికి వెలలేదు, ఇరుగుపొరుగు అందరివియు అదే లోతున పోటీపడుచున్నవి. బాలిక నా బల్లమీది కాగితము తీసికొని, సంవత్సరము, లోతు, ఖర్చు, అప్పు అని నాలుగు గీతలు గీచి వ్రాయసాగెను. ఆయన కొంతసేపు ఆ కాగితమువంకనే చూచి, "నాలుగోది మూడునూర్ల ఎనభై కాదమ్మా, తొంభై. ఆ నీళ్లు చూసేటాయప్పకు ఇచ్చిందీ రాసుకో" అనెను.